గోదారి మొగలో నీళ్లు ఉప్పగా ఎందుకుంటాయి?

గోదావరి తీపి నీటి నది. రాజమండ్రి దగ్గర ఆ నీళ్లు తియ్యగా ఉంటాయి. అవే గోదావరి నీళ్లు వేసవికాలంలో యానాం దగ్గర నోట్లో పోసుకుంటే ఉప్పు కషాయం. ఆ నీళ్లతో పప్పు ఉడకదు. సబ్బు నురగ రాదు. దాహం తీరదు.

మళ్లీ ఆషాఢం, శ్రావణం వచ్చేసరికి అదే రేవులో ఎర్రటి నీళ్లు వస్తాయి. అవి ఉప్పగా ఉండవు.

మధ్యలో ఉప్పు ఎవరు కలిపారు? ఎవరు తీసేశారు?

ఇది దేవుడి మాయ కాదు. నేల పల్లం, వానల వేళ, చంద్రుడి లాగుడు, ఈ మూడూ కలిసి చేసే పని. మొగ దగ్గరి ఊళ్లలో తాగే నీరు, పండే పంట, పట్టే చేప అన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి. అందుకే దీన్ని తెలుసుకోవాలి.

నది తెచ్చిన నేల

గోదావరి మహారాష్ట్రలో నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టింది. సుమారు 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. దారి పొడుగునా మట్టిని కోసుకుంటూ వస్తుంది. కొండల మధ్య నది జోరుగా పరుగెడుతుంది. మట్టి నీళ్లతో పాటే కొట్టుకుపోతుంది. రాజమండ్రి దాటాక నేల చదును. అక్కడ నది నెమ్మదిస్తుంది. నెమ్మదించిన నీరు మట్టిని మోయలేదు. కిందికి దించేస్తుంది.

చెంబులో బురద నీళ్లు తీసుకుని గిరగిరా తిప్పండి. మట్టి పైనే తిరుగుతుంది. తిప్పడం ఆపండి. కాసేపటికి మట్టి అడుక్కి చేరుతుంది. గోదావరి చేసిన పని కూడా ఇదే. వేల ఏళ్లుగా అలా దించిన ఒండ్రు మట్టే ఇప్పుడు కోనసీమ నేల.

ధవళేశ్వరం దిగువన నది పాయలుగా చీలుతుంది. గౌతమి పాయ యానాం వైపు పోతుంది. వసిష్ఠ పాయ నరసాపురం మీదుగా అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. వసిష్ఠ నుంచి చీలిన వైనతేయ ఓడలరేవు దగ్గర కలుస్తుంది. ఈ పాయల మధ్య ఉన్నదే కోనసీమ. 2022లో అది వేరే జిల్లా అయింది.

పాయల మధ్య మేట వేసిన దిబ్బలను లంకలు అంటారు. ఎదుర్లంక, ఠానేలంక, బొబ్బర్లంక, ఇలా ఊళ్ల పేర్లలోనే ఆ సంగతి ఉంది.

ఈ నేలంతా ఒకే ఎత్తులో లేదు. కొన్ని చోట్ల మెరక, కొన్ని చోట్ల పల్లం. మెరకల్లో చాలా భాగం పాత ఇసుక దిబ్బలు. ఒకప్పుడు సముద్రం అక్కడిదాకా ఉండేది. నది మట్టి పోసి సముద్రాన్ని వెనక్కి నెట్టింది. పాత ఒడ్డు ఇసుక దిబ్బగా మిగిలింది. ఊళ్లు, కొబ్బరితోటలు మెరక మీద ఉంటాయి. వరి పల్లంలో ఉంటుంది. పల్లం ఎంత పల్లమంటే, సముద్రం పక్కన కొన్ని పొలాలు పోటు నీటి మట్టానికి ఇంచుమించు సమానంగా ఉంటాయి.

విశాఖపట్నం తీరం ఇలా ఉండదు. అక్కడ తూర్పు కనుమలు సముద్రం దాకా వచ్చాయి. ఒడ్డునే రాతి కొండలు ఉన్నాయి. కొండ ఉన్న చోట సముద్రం లోపలికి రాలేదు. చదును నేల ఉన్న చోట తేలికగా వస్తుంది.

ఆటు అంటే ఏమిటి? పోటు అంటే ఏమిటి?

సముద్రపు నీరు రోజుకు రెండుసార్లు పొంగుతుంది. రెండుసార్లు తగ్గుతుంది. పొంగడాన్ని పోటు అంటారు. తగ్గడాన్ని ఆటు అంటారు. కొన్ని ఊళ్లలో పాటు అని కూడా అంటారు.

దీనికి కారణం ముఖ్యంగా చంద్రుడు. చంద్రుడు భూమిని తన వైపు లాగుతాడు. నేల గట్టిది కనుక అది కదిలినట్టు మనకు తెలియదు. నీరు పలచనిది కనుక కదులుతుంది. చంద్రుడికి ఎదురుగా ఉన్న వైపు లాగుడు ఎక్కువ. అక్కడ నీరు ఉబ్బుతుంది. భూమికి అవతలి వైపు లాగుడు తక్కువ. అక్కడి నీరు వెనకబడి ఉబ్బుతుంది. ఇలా రెండు వైపులా రెండు ఉబ్బులు. భూమి తన చుట్టూ తాను తిరిగేటప్పుడు ప్రతి రేవూ ఆ రెండు ఉబ్బుల కిందా వెళుతుంది. అందుకే రోజుకు రెండు పోట్లు.

"అత్తా, పోయిన ఆదివారం పొద్దున్న ఆరింటికి రేవు మెట్లన్నీ మునిగి ఉన్నాయి. ఇవాళ ఆదివారం అదే ఆరింటికి వెళితే అడుగు మెట్టు కూడా తేలి ఉందేం?" అని ఒక కోడలు అడుగుతుంది.

"పోటు రోజూ ఒకే వేళకి రాదే అమ్మాయ్. నిన్నటి కంటే ఇవాళ రెండు గడియలు ఆలస్యం. రేపు ఇంకో రెండు గడియలు" అంటుంది అత్త.

అత్త లెక్క సరైనదే. ఒక గడియ అంటే 24 నిమిషాలు. రెండు గడియలు 48 నిమిషాలు. పుస్తకాలు చెప్పే లెక్క సుమారు 50 నిమిషాలు. పౌర్ణమి వెళ్లాక చంద్రుడు రోజూ ఆలస్యంగా ఉదయిస్తాడు కదా. పోటు కూడా ఆయనతో పాటే ఆలస్యం అవుతుంది. వారం రోజులు కలిపితే దాదాపు ఆరు గంటలు. అంటే పోయిన వారం పోటు వచ్చిన వేళకు ఈ వారం ఆటు ఉంటుంది.

ఈ లెక్క చూడండి. సోమవారం పొద్దున్న 6 గంటలకు పోటు వచ్చిందనుకుందాం.

సోమవారం: ఉదయం 6.00, సాయంత్రం 6.25
మంగళవారం: ఉదయం 6.50, రాత్రి 7.15
బుధవారం: ఉదయం 7.40, రాత్రి 8.05
గురువారం: ఉదయం 8.30, రాత్రి 8.55

ఇవి సుమారు వేళలు. గాలిని బట్టి, ఏటి నీటిని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతాయి. మొగ దగ్గర పోటు వచ్చిన కొంతసేపటికి గానీ లోపలి రేవుకు రాదు. కాబట్టి ఏ రేవు వేళ ఆ రేవుదే.

పౌర్ణమికి, అమావాస్యకు సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలో ఉంటాయి. సూర్యుడి లాగుడు కూడా తోడవుతుంది. అప్పుడు పోటు పెద్దది. ఆటు కూడా బాగా వెనక్కి పోతుంది. అష్టమి రోజుల్లో ఇద్దరూ చెరో దిక్కుకు లాగుతారు. అప్పుడు పోటు చిన్నది. ఇది జాలరి కుటుంబాల్లో ఆడవాళ్లకు తెలియని సంగతి కాదు. గుల్లలు ఏరడానికి, పీతలు పట్టడానికి ఏ తిథికి వెళ్లాలో వాళ్లు చెప్పగలరు.

అన్ని చోట్లా పోటు ఒకే ఎత్తా?

కాదు. చంద్రుడు ఒక్కడే. కానీ తీరం ఆకారం అన్ని చోట్లా ఒకటి కాదు.

కాకినాడ దగ్గర పెద్ద పోటుకూ ఆటుకూ తేడా సుమారు అయిదు అడుగులు. గుజరాత్‌లో ఖంబాత్ సింధుశాఖ ఉంది. అక్కడ ఆ తేడా 30 అడుగులు దాటుతుంది. ఎందుకు? ఆ సింధుశాఖ గరాటులాగ ఉంటుంది. మూతి వెడల్పు, లోపల ఇరుకు. వెడల్పులోంచి వచ్చిన నీరు ఇరుకులో పట్టక పైకి లేస్తుంది. కాకినాడ దగ్గర తీరం అలా లేదు. అందుకే ఇక్కడ పోటు చిన్నది.

అయిదు అడుగులే కదా అనుకోకూడదు. గోదావరి మొగ దగ్గర నేల చదును. కొండ దగ్గర అయిదు అడుగుల నీరు కొండ పాదాన్ని తడిపి ఆగిపోతుంది. చదును నేలలో అదే నీరు మైళ్ల దూరం లోపలికి పాకుతుంది.

ఏరూ సముద్రమూ తోసుకుంటే

మొగలో రోజూ రెండు నీళ్లు ఎదురుపడతాయి. ఏటి నీరు బయటికి తోస్తుంది. పోటు నీరు లోపలికి తోస్తుంది. ఎవరి బలం ఎక్కువో అది కాలాన్ని బట్టి ఉంటుంది.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల వానలు. ఒక్క మన దగ్గరే కాదు. మహారాష్ట్రలో, తెలంగాణలో, ఛత్తీస్‌గఢ్‌లో పడిన వాన కూడా గోదావరిలోకి వస్తుంది. అప్పుడు ఏటిదే బలం. సముద్రం మీద కూడా కొంత దూరం ఎర్ర నీరే కనపడుతుంది.

పులస చేప వచ్చేది కూడా ఆ రోజుల్లోనే. సముద్రంలో ఉన్నప్పుడు దాన్ని విలస అంటారు. గుడ్లు పెట్టడానికి ఎర్ర నీటికి ఎదురీది గోదావరిలోకి వస్తుంది. అప్పుడు పులస అంటారు. పుస్తెలమ్మి అయినా పులస తినాలని సామెత. పుస్తెలు అమ్మక్కర్లేదు గానీ, ఏటి నీరు సముద్రానికి చేరకపోతే ఆ చేపకు దారే తెలియదు. ఇది గుర్తుంచుకోవాలి.

జనవరి తరవాత నదిలో నీరు తగ్గిపోతుంది. ఉన్న నీటిని ధవళేశ్వరం దగ్గర ఆపి కాలువలకు మళ్లిస్తారు. అక్కడ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయింది. దాని బదులు కట్టిన కొత్త బ్యారేజీ 1982లో పూర్తయింది. సుమారు 10 లక్షల ఎకరాలు దాని మీద పండుతున్నాయి. అది మేలే. కానీ వేసవిలో బ్యారేజీ దిగువకు వచ్చే నీరు చాలా తక్కువ. తోసే ఏటి నీరు లేనప్పుడు సముద్రానిదే బలం. పోటు నీరు యానాం దాటి ఇంకా లోపలికి వస్తుంది. ఉప్పు కలిపింది ఎవరో ఇప్పుడు తెలిసింది కదా.

ఇందులో ఇంకో సంగతి ఉంది. ఉప్పు నీరు బరువు. తీపి నీరు తేలిక. ఇంట్లోనే పరీక్ష చేసి చూడవచ్చు. గ్లాసు మంచినీళ్లలో పచ్చి గుడ్డు వేయండి. మునుగుతుంది. ఆ నీళ్లలో ఉప్పు వేసి కలుపుతూ పోండి. గుడ్డు తేలుతుంది. విత్తనాల వడ్లలో తాలు తీసేటప్పుడు కూడా ఇదే చేస్తారు. బరువైన ఉప్పు నీరు ఏటి అడుగున పాకుతూ వస్తుంది. తీపి నీరు దాని మీద పోతుంది. అందుకే ఒక్కోసారి పైన ముంచిన బిందెలో ఉప్పు తక్కువగా ఉంటుంది. అడుగు నీరు మాత్రం ఉప్పగా ఉంటుంది.

చెలమలో తీపి, బోరులో ఉప్పు

సముద్రం ఒడ్డున ఇసుకలో చెలమ తీస్తే తీపి నీరు ఊరుతుంది. పక్కనే లోతుగా బోరు వేస్తే ఉప్పు నీరు వస్తుంది. ఇది చాలామంది చూసినదే.

కారణం ఆ గుడ్డు పరీక్షలోనే ఉంది. వాన నీరు ఇసుకలోకి ఇంకుతుంది. కింద సముద్రపు ఉప్పు నీరు ఉంటుంది. తేలికైన వాన నీరు దాని మీద నిలుస్తుంది, పాల మీద మీగడ ఉన్నట్టు. చెలమ మీగడ దగ్గరే ఆగుతుంది. బోరు మీగడను దాటి కిందికి పోతుంది.

మోటారు పెట్టి నీరు ఎక్కువగా తోడితే ఏమవుతుంది? మీగడ పలచబడుతుంది. కింది నుంచి ఉప్పు నీరు పైకి వస్తుంది. నీటి శాస్త్రం తెలిసినవాళ్లు ఒక లెక్క చెబుతారు. పైన తీపి నీటి మట్టం ఒక్క అడుగు తగ్గితే, కింద ఉప్పు నీరు దాదాపు 40 అడుగులు పైకి లేచే వీలుంది. ఒకసారి ఉప్పు ఎక్కిన నుయ్యి మళ్లీ బాగుపడాలంటే ఏళ్లు పడుతుంది.

రొయ్యల చెరువుల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చెరువులో పెట్టిన ఉప్పు నీరు పక్క పొలంలోకి, పక్క నూతిలోకి ఊరుతుంది. 2005లో దీని మీద కేంద్ర ప్రభుత్వం చట్టం చేసింది. తీరంలో చెరువు పెట్టేవారు నమోదు చేయించుకోవాలి. వ్యవసాయ భూమిని, మడ అడవిని చెరువులుగా మార్చకూడదని నియమాలు ఉన్నాయి. తమ నుయ్యి ఉప్పెక్కిందని ఆడవాళ్లు గ్రామసభలో అడగవచ్చు. అర్జీ రాసి ఇవ్వవచ్చు. ఇప్పుడు రాయడం వచ్చు కదా.

ఒక ముఖ్యమైన మాట. నీటిని కాచితే క్రిములు చస్తాయి. ఉప్పు మాత్రం పోదు. నీరు ఆవిరై పోయి ఉప్పు ఇంకా చిక్కబడుతుంది. ఉప్పు నీరు రోజూ తాగితే రక్తపోటు పెరగవచ్చు. గర్భిణులు మరీ జాగ్రత్తగా ఉండాలి. వాన నీటిని శుభ్రమైన తొట్టెలో పట్టుకుని, వడపోసి, కాచి వాడుకోవడం మేలు.

ఉప్పులో బతికే అడవి

ఉప్పు నీటిలో వరి బతకదు. మడ చెట్టు బతుకుతుంది. గోదావరి మొగ దగ్గర కోరంగి మడ అడవి ఉంది. 1978లో ప్రభుత్వం దాన్ని అభయారణ్యం చేసింది. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు.

బురదలో వేళ్లకు గాలి అందదు. అందుకని మడ చెట్టు వేళ్లను బురదలోంచి పైకి పొడుస్తుంది. మేకులు పాతినట్టు కనపడతాయి. అవి ఊపిరి పీల్చుకునే వేళ్లు. ఒంట్లో చేరిన ఉప్పును మడ చెట్టు ఆకుల మీదికి పంపుతుంది. ఆకు నాకి చూస్తే ఉప్పగా ఉంటుంది. పొన్న జాతి చెట్టు గింజను నీళ్లలో వదలదు. పోటు కొట్టుకుపోతుందని దానికి భయమేమో అనిపిస్తుంది. తల్లి కడుపులో బిడ్డలాగ గింజ చెట్టు మీదే మొలకెత్తుతుంది. పొడుగ్గా పెరిగాక బురదలో పడి నాటుకుంటుంది.

తిల్ల చెట్టు పాలు మాత్రం కంట్లో పడకూడదు. కన్ను దెబ్బతింటుంది. పుల్లలకు వెళ్లే వారు జాగ్రత్త పడాలి.

మడ వేళ్ల మధ్య రొయ్య పిల్లలు, చేప పిల్లలు, పీతలు పెరుగుతాయి. అడవి పోతే వల ఖాళీ. వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. గాలివాన వచ్చినప్పుడు అలల జోరు తగ్గిస్తాయి.

నది తెచ్చే మట్టి కూడా ఇప్పుడు తగ్గింది. పైన కట్టిన ఆనకట్టల వెనకే చాలా మట్టి నిలిచిపోతోంది. మట్టి రాకపోతే సముద్రం ఒడ్డును కోస్తుంది. కాకినాడ దగ్గర ఉప్పాడలో సముద్రం ఇళ్లనూ రోడ్డునూ కోసేసింది. అలలు ఒక చోట కోసిన ఇసుకను ఇంకో చోట పోస్తాయి. కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ అలా పోసిన ఇసుక తిన్నెే. ఒక చోట నేల పోతుంది, ఒక చోట నేల పుడుతుంది.

పోటు వేరు, ఉప్పెన వేరు

పోటు రోజూ వస్తుంది. చెప్పి వస్తుంది. ఉప్పెన తుఫానుతో వస్తుంది. ప్రాణాలు తీస్తుంది.

తుఫాను గాలి సముద్రపు నీటిని ఒడ్డుకు నెడుతుంది. మన తీరంలో సముద్రం లోతు తక్కువ. నెట్టిన నీరు కిందికి పోవడానికి చోటు ఉండదు. గోడలాగ లేచి ఊరి మీద పడుతుంది. అదే వేళకు పోటు కూడా ఉంటే ఉప్పెన ఎత్తు ఇంకా పెరుగుతుంది.

1839లో వచ్చిన తుఫాను కోరంగి ఓడరేవును నాశనం చేసింది. 1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమలో ఉప్పెన వచ్చింది. సుమారు పది వేల మంది చనిపోయారు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద తుఫాను పడింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. లక్షల కొబ్బరి చెట్లు కూలిపోయాయి. ఇప్పుడు తుఫాను సంగతి రోజుల ముందే తెలుస్తుంది. తెలిసినా కదలకపోతే లాభం లేదు.

మన తీరంలో తుఫాను ఒడ్డు దాటే చోటుకు ఉత్తరాన ఉప్పెన ఎక్కువ. అక్కడ గాలి సముద్రం నుంచి ఊరి వైపు వీస్తుంది. దక్షిణాన గాలి ఊరి నుంచి సముద్రం వైపు వీస్తుంది. ఒక్కోసారి అక్కడ సముద్రం వెనక్కి పోయినట్టు కనపడుతుంది. చూడ్డానికి వెళ్లకూడదు. తుఫాను మధ్యలో గాలి ఒక్కసారి ఆగిపోతుంది. అయిపోయిందని బయటికి రాకూడదు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ గాలి వస్తుంది.

సునామీ ఇంకో రకం. అది సముద్రం అడుగున భూకంపం వల్ల వస్తుంది. 2004 డిసెంబరు 26న వచ్చింది అదే.

వరద సంగతి కూడా తెలుసుకోవాలి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్లు. దాదాపు రెండు బిందెలు. అంటే ఒక్క సెకనులో 70 లక్షల బిందెల నీరు! పౌర్ణమి, అమావాస్య రోజుల్లో వరద వస్తే పోటు ఎదురు నిలుస్తుంది. నీరు సముద్రంలోకి తొందరగా పోదు. లంకలు ఎక్కువ సేపు మునిగి ఉంటాయి. వరి పొలాల మురుగు నీరు కూడా అంతే. అందుకే మురుగు కాలువల మొగల్లో తలుపులు పెడతారు. పోటుకు మూస్తారు, ఆటుకు తీస్తారు. తలుపు తుప్పు పట్టి పనిచేయకపోతే ఉప్పు నీరు పొలంలోకి వస్తుంది, వాన నీరు బయటికి పోదు.

గుర్తుంచుకోవలసిన అంకెలు

ధవళేశ్వరం దగ్గర నీటి మట్టాన్ని బట్టి హెచ్చరికలు ఇస్తారు.

మొదటి హెచ్చరిక: 11.75 అడుగులు
రెండవ హెచ్చరిక: 13.75 అడుగులు
మూడవ హెచ్చరిక: 17.75 అడుగులు

తుఫాను వేళ ఓడరేవులో నంబరు వేసిన హెచ్చరిక ఎగరేస్తారు. 1, 2 అంటే తుఫాను దూరంగా ఉంది. 8, 9, 10 అంటే పెద్ద అపాయం. 11 అంటే కబుర్లు కూడా అందడం లేదని అర్థం. ఏ సాయం కావాలన్నా 112 నంబరుకు ఫోను చేయవచ్చు.

ఈ అంకెలు గోడ మీద బొగ్గుతో రాసి పెట్టుకోండి. వార్తల్లో నంబరు చెప్పినప్పుడు గోడ చూసి పోల్చుకోండి. రేషను కార్డు, పట్టా కాగితం, బ్యాంకు పుస్తకం ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచండి. ఎవరో వచ్చి చదివి చెప్పేదాకా ఆగక్కర్లేదు.

మాటలు – అర్థాలు

మొగ: నది సముద్రంలో కలిసే చోటు
ఒండ్రు: నది తెచ్చి పోసిన మట్టి
మెరక: ఎత్తు నేల
చెలమ: ఇసుకలో తీసిన నీటి గుంట
ఉప్పెన: తుఫాను వల్ల ఊరి మీదికి వచ్చే సముద్రపు నీరు

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ రేవులో ఇవాళ పోటు ఎన్ని గంటలకు వచ్చింది? మూడు రోజుల తరవాత ఎన్ని గంటలకు వస్తుంది? లెక్క వేయండి.
2. మీ నుయ్యి ఏ నెలలో ఉప్పెక్కుతుంది? పదేళ్ల కిందట కూడా అలాగే ఉండేదా? ఊళ్లో పెద్దవాళ్లను అడిగి రాయండి.
3. మీ ఊరికి దగ్గరి తుఫాను షెల్టరు ఎక్కడుంది? చంటిపిల్లతో నడిచి వెళ్లడానికి ఎంతసేపు పడుతుంది? ఒకసారి నడిచి చూడండి.